‘నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే’ అంటే సరిపోతుందా?

ఈ ఎపిసోడ్ ఒక తొమ్మిదో క్లాసు అమ్మాయి అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. "అన్నా, మా స్కూల్లో డిజిటల్ సిటిజన్‌షిప్ అని ఒక పీరియడ్ పెట్టారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, తెలియని లింక్ నొక్కొద్దు, ఫోన్ ఎక్కువసేపు చూడొద్దు అని నోట్స్ రాయించారు. నెట్‌లో బాధ్యతగా ఉండటం అంటే ఇంతేనా?"

మంచి ప్రశ్న. ఆ నోట్స్‌లో ఉన్నవన్నీ కరెక్టే, కాదనను. కానీ ఒకసారి చూడండి, అవన్నీ మనల్ని మనం కాపాడుకునే మాటలే. మన ఇంటికి తాళం వేసుకోవడం లాంటివి. మరి మన వల్ల పక్కవాళ్ళకి ఏం జరుగుతోంది? అది ఆ నోట్స్‌లో ఎక్కడుంది? సిటిజన్ అనే మాట వాడామంటే అసలు సబ్జెక్ట్ అదే కదా. అందుకే ఈరోజు ఓటీపీల జోలికి పోను. రోజూ నొక్కుతూ కూడా మనం పట్టించుకోని ఒక్క బటన్ గురించి మాట్లాడుకుందాం. ఫార్వర్డ్ బటన్.

ముందు 2018కి వెళ్దాం. మీలో చాలామంది అప్పటికి ప్రైమరీ స్కూల్లో ఉండి ఉంటారు. ఆ ఎండాకాలం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఊళ్ళల్లో వాట్సాప్‌లో ఒకటే వార్త. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయి, కొత్తవాళ్ళు కనిపిస్తే వదలొద్దు అని. ఆడియోలు, ఫొటోలు, వీడియోలు. ఫలానా ఊళ్ళో నిన్న రాత్రి జరిగింది అని పేరుతో సహా. జనం భయపడ్డారు. భయపడిన జనం కర్రలు పట్టుకున్నారు. ఎవరి మీద పడ్డారో తెలుసా? ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళ మీద, అడుక్కునేవాళ్ళ మీద, మతిస్థిమితం లేనివాళ్ళ మీద, మన భాష రాని కూలీల మీద. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని పిల్లల దొంగ అనుకుని కొట్టి చంపేశారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్ళో ఒకేసారి ఐదుగురిని చంపేశారు. వాళ్ళు సంచార జాతివాళ్ళు, ఊరూరూ తిరిగి భిక్ష అడిగి బతికేవాళ్ళు.

ఆ రోజుల్లో దేశంలో చాలాచోట్ల తిరిగిన ఒక వీడియో ఉంది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. బైక్ మీద ఇద్దరు వస్తారు, ఒక బాబుని లాక్కుని వెళ్ళిపోతారు. సీసీ కెమెరా ఫుటేజ్‌లా ఉంటుంది. చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నిజం ఏంటంటే అది పాకిస్తాన్‌లోని కరాచీలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ తీసిన అవగాహన వీడియో. పూర్తి వీడియోలో ఆ బైక్ మళ్ళీ వెనక్కి వస్తుంది, బాబుని దింపేస్తారు, మీ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండండి అని ఒక బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కట్ చేశారు. అంతే. పిల్లల్ని కాపాడమని తీసిన వీడియో మనుషుల్ని చంపించే వీడియో అయిపోయింది.

ఒక్క క్షణం ఇక్కడ ఆగుదాం. కట్ చేసినవాడు దుర్మార్గుడే, డౌట్ లేదు. కానీ వాడొక్కడే దాన్ని అన్ని ఊళ్ళకీ పంపలేడు. పంపింది మనలాంటి మామూలు మనుషులు. "అక్కా, పిల్లలు జాగ్రత్త" అని మంచి మనసుతో పంపినవాళ్ళు. ఫార్వర్డ్‌ల విషయంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. చెడ్డ ఉద్దేశం అక్కర్లేదు. బొటనవేలు ఉంటే చాలు.

మన తెలుగులో ఒక చిన్న ముక్క ఉంది, ఎప్పుడైనా గమనించారా? 'అట'. "వాడు వచ్చాడు" అంటే నేను చూశాను. "వాడు వచ్చాడట" అంటే నేను చూడలేదు, ఎవరో చెబితే విన్నాను. చదువు రాని మా నానమ్మ కూడా ఈ రెండిటికీ తేడా తప్పకుండా పాటిస్తుంది. ఇంగ్లీషులో అయితే ఇదే మాట చెప్పడానికి విడిగా ఇంకో మాట చేర్చాలి, మనకి రెండక్షరాలు చాలు. రచ్చబండ దగ్గర వార్త ఊరంతా తిరిగినా ఆ 'అట' దాన్ని అంటిపెట్టుకునే ఉండేది. వినేవాడు కూడా "నీకెవరు చెప్పారు?" అని అడిగేవాడు. ఫార్వర్డ్ బటన్ చేసిన పని ఏంటంటే, ఆ 'అట'ని ఊడబీకేసింది. పదో మనిషి దగ్గరికి చేరినా ఆ మెసేజ్ "జరిగింది" అనే అంటుంది, "జరిగిందట" అనదు. పైగా అది మీ పేరుతో, మీ డీపీతో, మీ మీద నమ్మకం ఉన్నవాళ్ళ ఫోన్లోకి వెళ్తుంది.

2018 జులైలో వాట్సాప్ ఫార్వర్డ్ చేసిన మెసేజ్ పైన "ఫార్వర్డెడ్" అనే లేబుల్ పెట్టింది. నా దృష్టిలో అది మెషీన్ తిరిగి తగిలించిన 'అట'. అదే నెలలో ఇండియాలో ఒకసారికి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా లిమిట్ పెట్టే టెస్ట్ ప్రకటించింది. 2019 జనవరిలో అదే లిమిట్ ప్రపంచం మొత్తానికి వచ్చింది.

ఐదేనా, అంటే సేఫ్ కదా అనుకుంటున్నారా? లెక్క వేద్దాం. ఐదు చాట్లూ గ్రూపులే అనుకోండి. ఇప్పుడు ఒక గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. ఐదు నిండు గ్రూపులంటే 5,120 మంది. వాళ్ళలో నూటికి ఒక్కరు, ఒక్కరే, మీలాగే ఫార్వర్డ్ చేశారనుకుందాం. అంటే 51 మంది. వాళ్ళు ఒక్కొక్కరు, విడతలవారీగా అయినా సరే, ఇంకో ఐదు నిండు గ్రూపులకి, అంటే 5,120 మందికి. 2,61,120. రెండే రెండు అడుగులు. నిజంగా ఇంతమంది ఉండరు లెండి, గ్రూపులు నిండుగా ఉండవు, ఒకే మనిషి నాలుగు గ్రూపుల్లో ఉంటాడు. అందులో పదో వంతు అనుకున్నా ఒక పట్టణమంతా వింటుంది.

ఇక్కడ నాలో ఉన్న పాత సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కాసేపు మాట్లాడనివ్వండి. మీ ఫోన్లో కొన్ని మెసేజ్‌ల పైన ఒక బాణం కాకుండా రెండు బాణాలు కనిపిస్తాయి, "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" అని. ఐదు లేదా అంతకంటే ఎక్కువ చేతులు మారి వచ్చిందని దానర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ మార్పు తర్వాత అలా బాగా తిరిగే మెసేజ్‌ల ఫార్వర్డింగ్ 70 శాతం తగ్గిందని వాట్సాప్ చెప్పింది. అంటే జనం మారలేదు, బటన్ నొక్కడం కాస్త కష్టం చేశారు, అంతకే అంత తగ్గింది.

మరి వాట్సాప్ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ కదా, లోపల ఏముందో కంపెనీకే తెలియదు కదా, ఎన్నిసార్లు ఫార్వర్డ్ అయిందో ఎలా లెక్కపెడుతుంది? దీనికి సమాధానం చాలా సింపుల్. మెసేజ్‌తో పాటు ఒక చిన్న కౌంటర్ కూడా అదే కవర్లో ప్రయాణిస్తుంది. మీరు ఫార్వర్డ్ నొక్కగానే మీ ఫోన్లోని యాప్ దానికి ఒకటి కలుపుతుంది. కౌంటర్ కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. ఇప్పుడు కిటుకు ఎక్కడుందో చూడండి. ఫార్వర్డ్ కొట్టకుండా వీడియోని గ్యాలరీలో సేవ్ చేసి కొత్తగా పంపితే? మెసేజ్‌ని కాపీ చేసి పేస్ట్ చేస్తే? స్క్రీన్‌షాట్ తీసి పెడితే? కౌంటర్ సున్నా. లేబుల్ లేదు. 'అట' మళ్ళీ ఊడిపోయింది. ఇప్పుడది ఎక్కడినుంచో వచ్చిన మెసేజ్ కాదు, అచ్చంగా మీ మెసేజ్. నమ్మకపోతే ఇంట్లో రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని చేసి చూడండి, రెండు నిమిషాల పని. అందుకే లేబుల్ లేదు కాబట్టి నిజమే అనుకోవడానికి లేదు.

సరే, చట్టం ఏమంటుంది? "ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్" అని కింద పెడితే మనకేం సంబంధం లేదని చాలామంది నమ్మకం. తమిళనాడులో ఎస్.వి. శేఖర్ అని ఒక నటుడు, రాజకీయ నాయకుడు ఉన్నారు. 2018 ఏప్రిల్‌లో మహిళా జర్నలిస్టుల్ని కించపరిచే ఒక పోస్టుని ఫేస్‌బుక్‌లో షేర్ చేశారు. గొడవ అయ్యాక తీసేశారు, క్షమాపణ చెప్పారు. అది నేను రాసింది కాదు, చదవకుండా ఫార్వర్డ్ చేశాను అన్నారు. మద్రాస్ హైకోర్టు ఒప్పుకోలేదు. మెసేజ్‌ని ఫార్వర్డ్ చేయడమంటే దాన్ని అంగీకరించినట్టే, సమర్థించినట్టే అంది. 2023లో సుప్రీంకోర్టులో ఆయన లాయర్ చెప్పిన మాట ఏంటంటే, ఆయన కళ్ళల్లో మందు వేసుకున్నారు, అందుకే సరిగ్గా చదవలేకపోయారు అని. నవ్వొస్తుంది కానీ, మనం ఎన్నిసార్లు కళ్ళల్లో మందు వేసుకోకుండానే చదవకుండా పంపామో మనకి తెలుసు. సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. 2024 ఫిబ్రవరిలో చెన్నై ప్రత్యేక కోర్టు ఒక నెల జైలు, 15 వేల రూపాయల జరిమానా వేసింది.

అలాగని, అమ్మో నెట్‌లో నోరే తెరవకూడదు అని అర్థం చేసుకోవద్దు ప్లీజ్. అది ఇంకో తప్పు. 2012లో ముంబై దగ్గర పాల్ఘర్‌లో, ఒక నాయకుడు చనిపోతే నగరమంతా బంద్ ఎందుకు అని ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమె ఫ్రెండ్ లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్ట్ చేశారు! అప్పట్లో ఐటీ చట్టంలో 66ఏ అనే సెక్షన్ వాడేవాళ్ళు. శ్రేయా సింఘాల్ అనే లా స్టూడెంట్ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. సో, బంద్ ఎందుకు అని అడగడం మీ అభిప్రాయం, అది మీ హక్కు, దర్జాగా రాయండి. ఫలానా ఊళ్ళో పిల్లల్ని ఎత్తుకుపోయారు అనడం అభిప్రాయం కాదు. అది జరిగిందో లేదో తేలాల్సిన విషయం. ఈ రెండిటికీ తేడా చెప్పని డిజిటల్ సిటిజన్‌షిప్ క్లాస్ పిల్లల్ని పిరికివాళ్ళని చేస్తుంది తప్ప పౌరుల్ని చేయదు.

ఇప్పుడు మీ క్లాస్ గ్రూపుకి వద్దాం. ఇక్కడ అబద్ధపు వార్తల కంటే దగ్గరి ప్రమాదం ఒకటుంది. క్లాస్‌మేట్ ఫొటో. బ్రేకప్ అయిన కోపంతో ఎవడో పెడతాడు, లేదా ఇన్‌స్టాలో ఉన్న మామూలు ఫొటోని ఏఐ యాప్‌లో వేసి బట్టలు లేనట్టు చేస్తాడు. గ్రూపులో పడుతుంది. నలభై మంది చూస్తారు. పెట్టినవాడు ఒక్కడే. మిగతా ముప్పై తొమ్మిది మంది ఏం చేస్తారన్న దాని మీదే ఆ అమ్మాయి రేపు స్కూలుకి రాగలదా లేదా అన్నది ఆధారపడుతుంది. "రేయ్, ఇది చూశావా" అని ఇంకొకడికి పంపితే మీరు ప్రేక్షకుడు కాదు, పంపినవాడే. ఆ ఫొటోలో ఉన్నది 18 ఏళ్ళ లోపు అమ్మాయో అబ్బాయో అయితే ఐటీ చట్టం 67బి వర్తిస్తుంది. అలాంటివి పంపడమే కాదు, వెతకడం, డౌన్‌లోడ్ చేయడం కూడా అందులో నేరమే. మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా ఉంది. నాకింకా 18 రాలేదు కదా అంటారా? అప్పుడు కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్తుంది. కేసు లేకుండా పోదు.

అలాంటిది కనిపిస్తే ఏం చేయాలి? ముందు గ్రూప్ అడ్మిన్‌కి విడిగా మెసేజ్ పెట్టండి. అడ్మిన్‌కి ఎవరి మెసేజ్ అయినా అందరి ఫోన్లలోంచి డిలీట్ చేసే ఆప్షన్ ఉంది, చాలామంది అడ్మిన్లకే ఈ సంగతి తెలియదు. కాకపోతే అప్పటికే ఎవరైనా సేవ్ చేసినా, ఇంకో గ్రూపుకి పంపినా ఆ కాపీలు పోవు, కాబట్టి ఇక్కడ నిమిషాలు ముఖ్యం. ఎవరు పెట్టారు, ఏ గ్రూపు, ఎన్ని గంటలకి అన్నది రాసి పెట్టుకోండి, కానీ ప్రూఫ్ పేరుతో ఆ ఫొటోని మాత్రం ఎవరికీ పంపకండి. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లో పిల్లలకీ ఆడవాళ్ళకీ సంబంధించిన ఇలాంటి కంప్లైంట్ పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. పిల్లలకైతే 1098 ఉంది. డబ్బు పోయిన కేసులకి 1930. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటి వాటిల్లో పడితే, బాధితులు గానీ వాళ్ళ తరఫున ఎవరైనా గానీ కంప్లైంట్ చేసినప్పుడు గంటల్లోనే తీసేయాలని ఐటీ రూల్స్ చెబుతున్నాయి. మార్ఫింగ్ చేసిన ఫొటోలూ దాని కిందకే వస్తాయి.

ఇంకోటి కూడా తెలుసుకోండి. 18 ఏళ్ళలోపు తీసిన ఫొటోలకి టేక్ ఇట్ డౌన్, పెద్దవాళ్ళకి స్టాప్ ఎన్‌సీఐఐ అని రెండు ఫ్రీ సర్వీసులు ఉన్నాయి. ఫొటో వాళ్ళకి పంపాలేమో అని భయపడొద్దు. ఫొటో మీ ఫోన్ దాటదు. మీ ఫోన్లోనే ఆ ఫొటోకి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది, దాన్ని హ్యాష్ అంటారు. ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. చేతులు కలిపిన కంపెనీలు ఆ కోడ్‌తో మ్యాచ్ అయ్యేవాటిని పట్టుకుంటాయి. లిమిట్స్ కూడా చెప్పాలి కదా: ఫొటోని క్రాప్ చేస్తే వేలిముద్ర మారిపోవచ్చు, వాట్సాప్ లాంటి ఎన్‌క్రిప్టెడ్ చాట్ల లోపల ఇది పనిచేయదు. అక్కడ పనిచేసేది మళ్ళీ ఆ ముప్పై తొమ్మిది మందే.

ఇవన్నీ పిల్లలకి ఎలా నేర్పాలి? టీచర్లు కూడా ఈ ఎపిసోడ్స్ చూస్తారని తెలుసు కాబట్టి చెబుతున్నాను. కేరళ కన్నూర్ జిల్లాలో 2018లో అప్పటి కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ ‘సత్యమేవ జయతే’ అని ఒక ప్రోగ్రాం పెట్టి, 150 దాకా గవర్నమెంట్ స్కూళ్ళలో ఫేక్ న్యూస్ మీద క్లాసులు చెప్పించారు. టీకాల మీద వాట్సాప్‌లో తిరిగిన పుకార్లకి తల్లిదండ్రులు భయపడి పిల్లలకి టీకా వద్దనడం చూశాక వచ్చిన ఆలోచన అది. మన దగ్గర, జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఇంకో దారి పట్టుకున్నారు. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకునే జనం తలుపులు బిగించుకుని లోపల ఉంటున్నారని పోలీసులు గమనించారు. పుకారు ఫోన్లో వచ్చింది కదా అని ఫోన్లోనే కౌంటర్ ఇచ్చి ఊరుకోలేదు. ఊళ్ళల్లోకి పోలీసుల్ని పంపారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులూ చేరారు. అంటే వార్తకి ఒక ముఖం ఇచ్చారు, అడగడానికి ఒక మనిషిని చూపించారు.

మా కజిన్ నడిపే ట్యూషన్‌లో నేను ఒక గంట క్లాస్ తీసుకున్నాను, అక్కడ చేసిన ఎక్సర్‌సైజ్ చెబుతాను, ఏ స్కూల్లోనైనా చేయొచ్చు. ఒక ఫార్వర్డ్ తీసుకోండి. పంపినవాళ్ళని ఒకటే అడగండి: "నీకెవరు పంపారు?" వాళ్ళు చెప్పినవాళ్ళని మళ్ళీ అడగండి. అలా వెనక్కి నడవండి. మేము తీసుకున్నది, ఫలానా చెట్టు ఆకు రసం తాగితే షుగర్ పూర్తిగా పోతుంది అన్నది. పదకొండు మంది పిల్లలు మొదలుపెట్టారు. ఎవరూ నాలుగో మనిషిని దాటలేదు. "ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చింది", "గుర్తులేదు", "ఎవరో పెట్టారు". ఒకబ్బాయికైతే వాళ్ళ అత్త పంపిందట, అత్తని అడిగితే "నువ్వే కదరా పంపావు" అందట! నేను ఫేక్ న్యూస్ మీద ఏం లెక్చర్ ఇచ్చినా అంత ఎక్కేది కాదు.

నిజమో కాదో చూసుకోవడం పెద్ద కష్టం కాదు. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వేస్తే పాతదా కొత్తదా చాలావరకు తేలుతుంది. వీడియో అయితే ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి అదే పని చేయండి. తెలుగులో కావాలంటే హైదరాబాద్ నుంచే నడిచే ఫ్యాక్ట్లీ ఉంది, ఫ్యాక్ట్ చెక్‌లు తెలుగులోనే ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ పథకాల మెసేజ్‌లకి పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది. అయిదు నిమిషాలు టైమ్ లేదా? మరీ మంచిది, పంపకండి.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. ఆ ట్యూషన్‌లోనే ఒకమ్మాయి అడిగింది, "అన్నా, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేది మా పెదనాన్న. ఆయనకి తప్పని ఎలా చెప్పాలి?" ఇది మన ఇళ్ళల్లో నిజమైన సమస్య. గ్రూపులో అందరి ముందు "ఇది ఫేక్ పెదనాన్నా" అని లింక్ పడేస్తే ఆయన ఆ లింక్ చదవరు. ఆయన పరువు గురించే ఆలోచిస్తారు. ఇంకో ఇద్దరు బాబాయిలు ఆయన వైపు వస్తారు, మీ అమ్మ మిమ్మల్ని తిడుతుంది. విడిగా పెట్టండి. లేదా ఫోన్ చేయండి. "పెదనాన్నా, మీరు పెట్టిన వీడియో చూశాను. అది ఇక్కడిది కాదట, పూర్తి వీడియో దొరికింది, ఒకసారి చూస్తారా?" అనండి. తీసేయాలా వద్దా అన్నది ఆయన చేతికే వదిలేయండి. తీసేయకపోతే మీరు గ్రూపులో పూర్తి వీడియో పెట్టండి, ఎవరి పేరూ ఎత్తకుండా. ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పెదనాన్న గారు తీసేయలేదు కానీ కింద "ఇది పాతదట" అని రాశారు.

'అట' తిరిగొచ్చింది కదా, నాకు చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో ఏఐతో చేసిన గొంతుల గురించి మాట్లాడదాం. మీ వాళ్ళ గొంతుతోనే డబ్బులు పంపమని ఫోన్ వస్తే ఎలా పట్టుకోవాలో డెమో చూపిస్తాను. ఉంటా మరి, బై.